బిషప్ అజరయ్య గారును, మన ఇంటి క్రిస్మస్ కథయును

ఈ శతాబ్ది సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదని సంఘ పెద్దలు మమ్మును కోరినప్పుడు, ఆగమన కాలములో మన ఇండ్లలో పిల్లలకు చదివి వినిపించే కథల పుస్తకములను గూర్చి వ్రాస్తామని ఒప్పుకొన్నాము. డిసెంబరు 1వ తేదీ మొదలు 24వ తేదీ వరకు రోజుకొక పుట చొప్పున, దేవదూత మరియకు ప్రత్యక్షమగుట మొదలు బేత్లెహేము ప్రయాణము వరకు, రంగు బొమ్మలతో ఉండే పుస్తకములు అవి. నందివాడలోను, గుడివాడలోను, బందరులోను అటువంటి పుస్తకము ఒకటైనా కొనని క్రైస్తవ కుటుంబములు ఇప్పుడు తక్కువ. అయితే వ్రాయడానికి కూర్చున్నప్పుడు మాకు ఒక సందేహము కలిగింది. ఈ పుస్తకములు రాకముందు, అక్షరము ముక్క రాని మన తాతలకు, ముత్తాతలకు ఈ కథ ఎవరు చెప్పారు? ప్రతి సాయంకాలము, విసుగు లేకుండా, ఒకే క్రమములో చెప్పే ఏర్పాటు ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోగా, పుస్తకముల సంగతి వెనుకకు పోయి, ఒక మనుష్యుని జీవితము ముందుకు వచ్చింది. ఆయనే దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన పేరు మనలో వినని వారుండరు. బెజవాడలో ఆయన పేరున బాలికల హైస్కూలు ఉన్నది. పాత సంఘముల ఆఫీసు గదులలో ఆయన పటము కనబడుతుంది. కాని పటములోని మనుష్యుడు చాలామందికి పటముగానే మిగిలిపోయాడు. అందుచేత మొదటినుండి చెబుతాము.

ఆయన మన తెలుగువారు కారు. తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామములో 1874 ఆగస్టు 17న జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ గ్రామపు గురువు. తల్లి పేరు ఎల్లెన్. ఒక కుమార్తె పుట్టిన తరువాత పదమూడు సంవత్సరములు ఆ దంపతులకు మరల సంతానము లేదు. హన్నా వలె ఆ తల్లి ప్రార్థించి, పుట్టిన కుమారునికి సమూయేలు అని పేరు పెట్టి దేవునికి ప్రతిష్ఠించింది. పిల్లవాని చిన్నతనములోనే తండ్రి మరణించగా పెంపకము తల్లి మీద పడింది. ఆమె క్రమశిక్షణ గల స్త్రీ. అజరయ్య గారిలో తరువాత మనము చూచే పట్టుదల, కొంత కాఠిన్యము కూడ, ఆ ఇంటినుండి వచ్చినవే అని మా అభిప్రాయము.

విద్యార్థి దశలోనే కుల భేదములకు వ్యతిరేకముగా తోటి పిల్లలతో కలిసి ఒక సమాజము పెట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా మాత్రము చేతికి రాలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారే ఆయనకు గౌరవ డాక్టరు పట్టము ఇచ్చారు గనుక ఆ లోటు ఎవరికీ గుర్తు లేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసుకొన్నారు. ఆమె దక్షిణ ఇండియాలో కాలేజీ చదువుకు వెళ్ళిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకరు.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు, వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పని చేస్తూ ఉండడము చూచి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలి సంఘములు అంతకంటె పెద్దవి, పాతవి. కాని తాము పుచ్చుకొనడమే గాని ఇవ్వడము నేర్వలేదని ఆయనకు తోచింది. తిరిగి వచ్చి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. పని చేయడానికి వారు ఎన్నుకొన్న చోటు నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. తమిళ రైతుల, టీచర్ల చందాలతో తెలుగు పల్లెలకు సువార్తికులు వచ్చారు. ఆ తరువాత 1905 డిసెంబరు 25న, క్రిస్మస్ దినముననే, బెంగాలులోని సేరంపూరులో కేరీ గారి గ్రంథాలయములో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దానికీ ఆయన ముఖ్యులు.

సేరంపూరు అనగానే మాకు మరియొక సంగతి జ్ఞాపకము వచ్చింది. మన తెలుగులో మొదట అచ్చయిన సువార్తలు అక్కడివే. విశాఖపట్టణములో పని చేసిన డెస్ గ్రాంజస్ గారు, ఆనందరాయరు అనే మహారాష్ట్ర బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల తర్జుమా 1812లో అక్కడ ముద్రింపబడింది. జ్ఞానుల సంగతి మత్తయిలోను, గొల్లల సంగతి లూకాలోను ఉన్నవి గనుక, ప్రభువు జనన కథ తెలుగు అచ్చు అక్షరములలోనికి వచ్చిన సంవత్సరము అదే. సరిగా నూరేండ్లకు, 1912లో, అజరయ్య గారు బిషప్పు అయ్యారు. అయితే ఆ నూరేండ్లలో ఆ అక్షరములు చదవగలిగిన వారెందరు? బందరులో 1841లో దిగిన రాబర్ట్ నోబుల్ గారు 1843లో పాఠశాల పెట్టి, పై కులముల పిల్లలకు చదువు చెప్పారు. వారు చదివారు, వారిలో కొందరు నమ్మారు. ఆయనతో వచ్చిన హెన్రీ ఫాక్సు గారు గ్రామములు తిరిగారు. 1859లో రాఘవాపురము పాగోలు వెంకయ్య గారు, ఆయన వారు, డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందిన తరువాత మన జిల్లాలో పల్లెలు కదలినవి. అయితే కదలిన పల్లెలు చదువు లేని పల్లెలు. పుస్తకము ఉన్నది, చదివే కన్ను లేదు. అజరయ్య గారికి చేతికి వచ్చిన సమస్య ఇదే.

1909లో ఆయన వై.ఎం.సి.ఎ. పెద్ద ఉద్యోగము వదలి, గురువుగా అభిషేకము పొంది, దోర్నకల్ చేరారు. అప్పటికి వయస్సు ముప్పది అయిదు. ఆ వయస్సులో కూర్చుని తెలుగు ఓనమాలు దిద్దారు. ఎద్దు బండి మీదను, సైకిలు మీదను పల్లెలు తిరిగి, కూలి జనము మధ్య కూర్చుని మాట్లాడడము నేర్చుకొన్నారు. ఇది చదివే వారు కొంచెము ఆలోచింపవలెను. మనలో ముప్పది అయిదేండ్లు దాటిన తరువాత కొత్త భాషలో మాట్లాడడానికి, అదీ పామరుల ఎదుట తప్పులు మాట్లాడి నవ్వులపాలు కావడానికి, ఒప్పుకొనే చదువుకొన్న వారు ఎందరు? తానే ఒక పిల్లవానివలె భాష నేర్చుకొన్నాడు గనుకనే, ఏమీ తెలియని వానికి కథ ఎంత మెల్లగా, ఎంత చిన్న ముక్కలుగా చెప్పవలెనో ఆయనకు తెలిసి ఉంటుంది.

1910లో ఎడింబరోలో జరిగిన లోక మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము చరిత్రలో నిలిచిపోయింది. విదేశ మిషనరీలు తమ ఆస్తిని, తమ శరీరములను కూడ ఇండియాకు ఇచ్చారని, ఇక ఇవ్వవలసినది స్నేహమేనని ఆయన ఆ సభలో నిర్భయముగా చెప్పారు. కొందరికి కోపము వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు ఆయనే. ఆ నాటికి దోర్నకల్ అధ్యక్ష ఖండము చాలా చిన్నది. 1920 తరువాత మన కృష్ణా, గోదావరి ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘములు కూడ ఆయన చేతి క్రిందికి వచ్చినవి. అప్పటినుండి ఆయన మనకు కూడ తండ్రి అయ్యారు. తండ్రిగారు అనియే పల్లెలలో ఆయనను పిలిచేవారు.

ఇక అసలు సంగతికి వస్తాము.

అప్పటి మన పల్లెలలో క్రైస్తవులు ఎవరు? ఎక్కువ మంది పాలేర్లు, కూలివారు. తెల్లవారకముందే రైతుల చావిళ్ళలో పశువుల పేడ ఎత్తడముతో వారి దినము ఆరంభమయ్యేది. పగలు ఆరాధనకు వచ్చే తీరిక లేదు. చాలామందికి ఆదివారము కూడ తీరిక లేదు. అందుచేత పల్లె సంఘములకు ప్రతి దినము సాయంకాలపు ప్రార్థన ముఖ్యమైనది. చీకటి పడి, అన్నము తిని, జనము ప్రార్థన పాకలోనికి వచ్చేవారు. లాంతరు ఒకటే. దాని ప్రక్కన పంతులు గారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు ఒక్కొక్క మాట చొప్పున ఆయన చెబితే జనము తిరిగి చెప్పేవారు. ఒక కీర్తన పాడేవారు. తరువాత వేదములోని ఒక కథ.

ఈ పద్ధతి అజరయ్య గారు కనిపెట్టినది కాదు. అంతకుముందు మిషనరీల కాలములోను ఉన్నది. ఆయన చేసినది ఏమనగా, దానిని ఒక క్రమములో పెట్టడము. పంతులు గారికి తోచిన కథ తోచిన రోజున చెప్పడము గాక, సంఘ సంవత్సరముతో పాటు నడిచేటట్లు, బాప్తిస్మమునకు సిద్ధపడే వారు ఇన్ని కథలు, ఇన్ని వచనములు నోటికి నేర్చుకొని తీరవలెనని పట్టుపట్టారు. పరీక్ష కూడ నోటితోనే. పర్యటనకు వచ్చినప్పుడు తానే జనము మధ్య కూర్చుని, ముసలివారిని, పిల్లలను, నడి వయస్సు స్త్రీలను ప్రశ్నలు అడిగేవారు. 1935 నాటికి ఆయన అధ్యక్ష ఖండములో గ్రామ ఉపాధ్యాయులే రెండు వేల మందికి పైగా ఉన్నారు. వారు పెద్ద చదువులు చదివిన వారు కారు. వారికి పాఠములు వ్రాసి ఇవ్వడము, ఏటేటా పిలిపించి మరల నేర్పడము, దోర్నకల్‌లో అచ్చు యంత్రము నడపడము, ఇదంతా ఆ సాయంకాలపు ఒక గంట కొరకే. ఒక విధముగా చూస్తే మన పిల్లలు నేడు చేత పట్టుకొనే ఇరువది నాలుగు పుటల పుస్తకము, ఆనాడు రెండు కాళ్ళ మీద నడిచి వచ్చి పాకలో కూర్చునేది.

ఆగమన కాలము మన డెల్టాలో ఎటువంటి కాలమో చెప్పనక్కర లేదు. ఆ రోజులలో మన వైపు చేపల చెరువులు లేవు. కనుచూపు మేర వరి. డిసెంబరు వచ్చిందంటే కోతలు, కట్టివేతలు, కుప్పలు. కూలి జనమునకు సంవత్సరములో ఇంత పని ఉండే నెల మరియొకటి లేదు. ప్రార్థనకు రావడము అన్నిటికంటె కష్టమైన నెలలోనే, వినవలసిన కథ అన్నిటికంటె ముఖ్యమైనది. పంతులు గారు ఏమి చేయాలి? జనము పాకకు రాలేకపోతే ఆయనే కళ్ళమునకు పోయేవాడని మా పెద్దలు చెప్పగా విన్నాము. కుప్పలకు కావలి పడుకొన్న వారు గడ్డి పరచుకొని, గోనె కప్పుకొని, మంచులో పడుకొని ఉంటే, వారి మధ్య కూర్చుని గొల్లల కథ చెప్పేవాడట. రాత్రి వేళ పొలములో ఉండి తమ మందను కాచుకొనడము అంటే ఏమిటో ఆ విన్నవారికి అర్థము చెప్పవలసిన పని లేదు. ఆకాశము కూడ పైననే ఉన్నది.

పశువుల తొట్టె సంగతియు అంతే. చదువుకొన్న మన ఇండ్లలో ఇప్పుడు ఆ మాట ఒక అలంకారము. అట్ట పెట్టెతో పాక చేసి, దూది అంటించి, విద్యుద్దీపము పెడుతున్నాము. ఆనాటి పాలేరు నిజముగా చావిట్లోనే పడుకొనేవాడు. గాడిలో గడ్డి వేసేది వాడే, కుడితి కలిపేది వాడే, ఈనిన గేదె దగ్గర రాత్రంతా కూర్చునేది వాడే. సత్రములో స్థలము లేదని మరియ యోసేపులను పంపివేసిన సంగతి వినగానే, ఊరి బావి దగ్గరకు, ఊరి గుడి దగ్గరకు రానీయని వాడు ఏమనుకొన్నాడో మనము ఊహింపవచ్చును. దేవుని కుమారుడు తన కొట్టములోనికి వచ్చాడన్న మాట వానికి ఉపమానము కాదు. ఆ వాసన వాడు ఎరిగినదే.

ఇరుగు పొరుగు వారికి నెల రోజుల కథ కొత్త కాదు. ధనుర్మాసములో వైష్ణవ ఆలయములలో దినమునకొక పాశురము చొప్పున ముప్పది దినములు చదువుతారు. హరిదాసు తెల్లవారు జామున వీధి వెంట పాడుకొంటూ పోతాడు. దూరపు జర్మనీ దేశములో కూడ పూర్వము క్రిస్మసుకు ముందు తలుపు మీద సుద్దతో ఇరువది నాలుగు గీతలు గీచి, దినమునకొకటి పిల్లల చేత తుడిపించేవారు. అందులోనుండియే నేటి ఆగమన పటములు, ఆగమన కథల పుస్తకములు పుట్టినవి. ఎక్కడ చూచినా సంగతి ఒకటే. పండుగ ఒక్కసారి వచ్చి పడదు, దినమునకొక మెట్టు చొప్పున దిగి వస్తుంది. అజరయ్య గారు ఈ దేశపు వారి పాటను, తాళమును, భజనను, నాటకమును సువార్తకు వాడుకొనుటకు వెనుకాడలేదు. ఇంగ్లీషు రాగములు తెలుగు నోటికి పట్టవని ఆయనకు తెలుసు. పంట పండుగను, ఊరేగింపును ప్రోత్సహించారు. పిల్లలు గొల్లలుగా, జ్ఞానులుగా వేషము కట్టి ఆడిన ఆటలు మన పల్లెలలో నేటికిని ఉన్నవి.

ఇంటి సంగతి ఆయన మరువలేదు. పాకలో విన్నది ఇంటికి పోవలెను. ఇంట్లో దానిని నిలిపేది తల్లి. స్త్రీల మధ్య అన్బు గారు చేసిన పని మీద ఎక్కువ వ్రాసిన వారు లేరు. అది మన లోపము. పిడికెడు బియ్యము ఏర్పాటు మన వారందరికీ తెలిసినదే. వంటకు బియ్యము కొలుచుకొనేటప్పుడు ప్రతి పూట ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారమున దేవాలయమునకు తెచ్చేవారు. కూలి తెచ్చుకొంటే గాని పొయ్యి వెలగని ఇంటినుండి అది వచ్చేది. ఇచ్చుట క్రైస్తవుని గౌరవము అని, బీదవాడైనను ఇవ్వవలెనని అజరయ్య గారు పదే పదే బోధించారు. దాని మీద ఒక పుస్తకమే వ్రాశారు. మా దృష్టిలో ఆ కుండ కూడ దినదినపు పాఠమే. పిల్ల తల్లి ప్రక్కన నిలబడి, ఆ పిడికెడు ఎందుకని అడుగుతుంది. అప్పుడు కథ మొదలవుతుంది.

ఆయన అన్ని విధముల మెత్తని వారు అని చెబితే అబద్ధమవుతుంది. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములతో యుద్ధమని చెప్పి, సంఘ క్రమశిక్షణను గట్టిగా నడిపారు. తప్పు చేసిన వారిని ప్రభువు బల్లకు రానీయకుండ నిలిపిన సందర్భములు ఉన్నవి. కొన్ని ఇండ్లకు అది పెద్ద గాయము. మాల మాదిగ భేదము సంఘములో ఉండరాదని ఎంత చెప్పినను, అది ఆయన కాలములో పోలేదు. మన కాలములో పూర్తిగా పోయినదని మేము చెప్పలేము. ఒకే పాకలో ఒకే కథ విన్నవారు ఒకే పంక్తిలో కూర్చుండి భోజనము చేయడానికి చాలా కాలము పట్టింది.

1930ల నాటికి ఆయన అధ్యక్ష ఖండములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలకు చేరింది. దేశమంతటి దృష్టి దాని మీద పడింది. 1935లో డాక్టర్ అంబేద్కర్ గారు తాను హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాత మత మార్పిడి మీద పెద్ద వాదము లేచింది. గాంధీ మహాత్ముడు తమ హరిజన్ పత్రికలో, ఈ బీద జనులు మతముల తారతమ్యమును గ్రహించగల స్థితిలో లేరని, వారిని మార్చుట న్యాయము కాదని వ్రాశారు. అజరయ్య గారు గాంధీజీ యెడల గౌరవము గలవారే. స్వదేశీ భావము, ఆత్మగౌరవము ఆయనలో తక్కువ కాదు. అయినను ఈ విషయములో ఆయన ఒప్పుకొనలేదు. చదువు లేనంత మాత్రమున మనుష్యునికి ఆత్మ విషయములు తెలియవని అనుటకు వీలు లేదని ఆయన నిలబడ్డారు.

ఆ వాదములో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పడానికి మేము పూనుకొనము. పెద్దలు ఇద్దరూ. ఆశ్రయమునకు, అన్నమునకు వచ్చిన వారు మన పల్లెలలో లేరని కూడ మేము అనము. అయితే ఒక్క మాట చెప్పవలెను. ఆ వాదము పత్రికలలో జరుగుతూ ఉండగా, మన వైపు పాకలలో సాయంకాలపు ప్రార్థన జరుగుతూనే ఉన్నది. ఎవరికి అర్థము కాదని పెద్దలు సందేహించారో వారే, మరియకు దూత చెప్పిన మాటను, జెకర్యా మూగవాడైన సంగతిని, సుమెయోను శిశువును ఎత్తుకొన్న సంగతిని క్రమము తప్పకుండా చెప్పి, తమ పిల్లలకు నేర్పుతున్నారు. అజరయ్య గారు తన జీవితమును పందెముగా పెట్టినది దీని మీదనే.

చదువు మీద ఆయనకు చిన్న చూపు ఉన్నదని ఎవరూ అనుకొనరాదు. దోర్నకల్‌లో బాలబాలికల పాఠశాలలు పెట్టారు. ఫర్కుహర్ పండితునితో కలిసి భారతదేశ వారసత్వమును గూర్చిన గ్రంథమాలకు సంపాదకత్వము వహించారు. పి. చెంచయ్య గారు, రాజా భుజంగరావు గారు ఇంగ్లీషులో వ్రాసిన తెలుగు సాహిత్య చరిత్ర ఆ మాలలోనిదే. మన భాషా చరిత్రకు ఒక తమిళ బిషప్పు ఆ విధముగా సేవ చేశారు.

దోర్నకల్ దేవాలయము చూచిన వారు మనలో చాలామంది ఉన్నారు. గుమ్మటములు, స్తంభములు, రాతిలో చెక్కిన తామర పూవులు చూచి, ఇది మసీదా, గుడియా, చర్చియా అని కొత్తవారు ఆశ్చర్యపడతారు. ఆయన కోరినది అదే. ఈ దేశపు మనుష్యుడు పరాయి ఇంటికి వచ్చినట్లు కాక తన ఇంటికి వచ్చినట్లు లోపలికి రావలెను. కట్టడము ఏండ్ల తరబడి సాగింది. బీదవారి కానుకలు కూడ అందులో ఉన్నవి. 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది. ఆ దినము ఎపిఫనీ పండుగ, అనగా తూర్పు దేశపు జ్ఞానులకు ప్రభువు ప్రత్యక్షమైన పండుగ. దేవాలయమునకు కూడ ఆ పేరే పెట్టారు. అన్యజనులలోనుండి మొదట వచ్చి మ్రొక్కిన వారు ఆ జ్ఞానులే గదా. నేషనల్ మిషనరీ సొసైటీ క్రిస్మస్ దినమున, ఆయన బిషప్పు అయినది క్రిస్మసు వారములో, దేవాలయ ప్రతిష్ఠ ఎపిఫనీ నాడు. ఇది ఎవరో ఏర్పాటు చేసినది అని మేము అనము గాని, లెక్క చూచినప్పుడు మాకు సంతోషము కలిగింది.

1945 జనవరి 1న, ఆ క్రిస్మసు దినములు ఇంకను గడవకముందే, అజరయ్య గారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. వయస్సు డెబ్బది. ముప్పది రెండు సంవత్సరములు బిషప్పుగా ఉన్నారు. సంఘముల ఐక్యత కొరకు ఆయన 1919లో తరంగంబాడి సభనాటినుండి పాటుపడ్డారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడడము చూడకుండానే వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిన తరువాత ఆ నోటి పాఠము ఎంత నిలిచింది? దీనికి మన దగ్గర ఒక సాక్ష్యము ఉన్నది. 1977 నవంబరు 19 శనివారమున దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. ఆ సంవత్సరము ఆగమన కాలపు మొదటి ఆదివారము నవంబరు 27. అనగా ఎనిమిది దినములే. ఇండ్లు లేవు, ప్రార్థన మందిరములు లేవు, బైబిళ్ళు, కీర్తనల పుస్తకములు బురదలో కలిసినవి. బియ్యము, బట్టలు తీసుకొని మన వైపునుండి పోయిన వారు తిరిగి వచ్చి చెప్పిన సంగతులలో ఒకటి మాకు మరపు రాదు. సాయంకాలము ఒక గట్టు మీద మిగిలినవారు కూర్చుని ఉన్నారట. పుస్తకము లేదు, దీపము లేదు. ఒక ముసలాయన విశ్వాస ప్రమాణము మొదలుపెట్టగా మిగిలినవారు అందుకొన్నారట. తరువాత ఆయనే, పిల్లలు ఇద్దరు ముగ్గురు మాత్రమే మిగిలిన ఆ గుంపులో, కైసరు ఆజ్ఞ వలన జనమంతా తమ తమ ఊళ్ళకు ప్రయాణమైన సంగతి చెప్పాడట. ఊరు లేని వారికి ఆ కథ ఎట్లు వినబడి ఉంటుందో మేము వ్రాయలేము.

ఇప్పుడు మన ఇండ్లలో పుస్తకములు ఉన్నవి. మంచి కాగితము, మంచి బొమ్మలు. చదవగలిగిన పిల్లలు ఉన్నారు. మన తాతలు కలలో కూడ అనుకొనని చదువులు చదువుతున్నారు. సాయంకాలము మాత్రము లేదు. తండ్రి చెరువుల మీద మేత పడవ దగ్గరనుండి రాత్రి వస్తాడు, తల్లి అలసి ఉంటుంది, పిల్లవాడు ట్యూషను నుండి వచ్చి సెల్ ఫోను పట్టుకొంటాడు. డిసెంబరు 1న తెరిచిన పుస్తకము అయిదవ తేదీకి అలమారలోనికి పోతుంది. మా ఇంట్లోనే రెండు సంవత్సరములు అట్లు జరిగింది గనుక ఎవరినీ నిందించడము లేదు.

పోయిన సంవత్సరము మా సంఘములో కొన్ని కుటుంబములు ఒక ఏర్పాటు చేసుకొన్నవి. రోజుకొక ఇంట్లో, భోజనములకు ముందు, పావుగంట. చదివేది పిల్లలు, వినేది పెద్దలు. ఒకనాటి రాత్రి ఒక చిన్నపిల్ల తొట్టె పుట చదువుతున్నది. బొమ్మలో మంచు కురిసిన చెట్లు, ఎర్ర ఇటుకల సత్రము, శుభ్రమైన తొట్టె ఉన్నవి. ఆ ఇంటి ముసలమ్మ, చదువు రానిది, చిన్నప్పుడు పాకలో లాంతరు ప్రక్కన కూర్చుని విన్నది, మధ్యలో ఆపింది. శిశువును పడుకోబెట్టక ముందు గాడిలో పాత గడ్డి తీసి కొత్త గడ్డి వేసినదెవరని ఆ పిల్లను అడిగింది. పిల్ల పుట త్రిప్పి చూచింది, మరల వెనుకకు త్రిప్పింది. పుస్తకములో లేదు. అప్పుడు ముసలమ్మ పుస్తకము ప్రక్కన పెట్టించి, తాను విన్న విధముగా మొదటినుండి చెప్పడము మొదలుపెట్టింది. ఆ రాత్రి భోజనములు ఆలస్యమైనవి.